మా వాకిట్లో విప్పిన క్లచ్

చరిత్ర పుస్తకాల్లో మేం రెండు చోట్లే కనబడతాం. ఒకచోట కోటలు కట్టిస్తుంటాం. ఇంకోచోట గుళ్ళు కూలగొడుతుంటాం. ఆ రెండు పేజీల మధ్య వందల ఏళ్ళపాటు మేం ఏం తిని బతికామో, ఏ పని చేసి పిల్లల్ని సాకామో ఆ పుస్తకాలకు పట్టలేదు. మా తాతల్లో కోటలు కట్టించినవాళ్ళు లేరు. ఆ కోటలకు రాళ్ళు కొట్టినవాళ్ళున్నారు. దూది ఏకినవాళ్ళున్నారు. అత్తరు, గాజులు అమ్ముకుంటూ ఊరూరూ తిరిగినవాళ్ళున్నారు. మా తండ్రుల తరానికి వచ్చేసరికి బళ్ళు బాగుచేసేవాళ్ళు బయల్దేరారు. మేం రాస్తున్నది వాళ్ళ గురించి. ఇంకా విడమర్చి చెప్పాలంటే, ఇంటి వాకిట్లో గోనెసంచి పరుచుకుని అరిగిపోయిన మోటారు సైకిల్ క్లచ్ మార్చే పని గురించి. ఇది కూడా చరిత్రేనా అని నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. ఎవరి చేతులు ఏ పనిలోకి ఎట్లా వచ్చాయో చెప్పని చరిత్ర మాకు అక్కర్లేదు.

1990 డిసెంబర్‌లో హైదరాబాద్ పాతబస్తీలో అల్లర్లు జరిగాయి. కర్ఫ్యూ పెట్టారు. అబ్బా షాపు షట్టరు దించి ఇంటికొచ్చేశాడు. వస్తూ వస్తూ ఒక బండిని తోసుకొచ్చాడు. అది ఒక స్కూలు సారుది. నూరు సీసీల హీరో హోండా. ఆ గొడవల్లో సొంత సామాను వదిలేసి గిరాకీ బండిని తోసుకొచ్చావేమని అమ్మీ అడిగింది. "సామాను పోతే నాదే పోతుంది. బండి పోతే నా మాట పోతుంది" అన్నాడు అబ్బా. అట్లా ఆ క్లచ్ పని మా వాకిట్లోకొచ్చింది. బయట బూట్ల చప్పుడు. లోపల మేం పిల్లలం, అమ్మీ, అబ్బా, మధ్యలో బండి.

బండికి వచ్చిన జబ్బు ఏమిటంటే, యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ అరుస్తోంది గాని బండి పరుగు అందుకోవడం లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు, ఇద్దరు కూర్చున్నప్పుడు మరీ ఎక్కువ. దాన్నే క్లచ్ జారడం అంటారు. అబ్బా వెంటనే పానా పట్టుకోలేదు. ముందు కేబుల్ చూశాడు. హ్యాండిల్ దగ్గర క్లచ్ లివర్ కొసన ఒక సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల దాకా వదులు ఉండాలి. అసలు వదులే లేకపోతే, లివర్ పట్టుకోకపోయినా క్లచ్ సగం విడిపోయే ఉంటుంది, ప్లేట్లు బాగున్నా జారుతుంది. వదులు మరీ ఎక్కువైతే దానికి తిరకాసు: క్లచ్ పూర్తిగా విడవదు, గేరు పడేటప్పుడు గరగరమంటుంది, న్యూట్రల్ దొరకదు. కేబుల్ సరిచేసినా జబ్బు పోకపోతేనే ఇంజన్ విప్పాలి. "గిరాకీ జేబు ముందు చూడు, తర్వాత ఇంజన్ చూడు" అనేవాడు అబ్బా. ఆ మాట ఆయనకు ఆయన ఉస్తాద్ చెప్పిందట.

క్లచ్ చేసే పని వినడానికి చాలా చిన్నది. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. చక్రం మాత్రం ఒకప్పుడు తిరగాలి, ఒకప్పుడు ఆగాలి. గేరు మారేటప్పుడు ఆ రెంటికీ ఉన్న లంకె కాసేపు తెగాలి. మోటారు సైకిళ్ళు పుట్టిన కొత్తలో చాలా బళ్ళకు క్లచ్ లేదు. తోసుకుంటూ పరుగెత్తి ఇంజన్ అందుకున్నాక ఎగిరి కూర్చునేవాళ్ళు. ఆపాలంటే ఇంజన్‌నే ఆపెయ్యాలి. గేర్లతోపాటే క్లచ్ కూడా బళ్ళకు తప్పనిసరైంది. ఒక డబ్బాలో రెండు రకాల ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటి పేర్చి ఉంటాయి. ఒక రకం ఇంజన్‌తో తిరుగుతాయి, రెండోరకం గేర్‌బాక్స్‌తో తిరుగుతాయి. స్ప్రింగులు వాటిని అదిమిపట్టి ఉంచుతాయి. లివర్ నొక్కితే స్ప్రింగుల పట్టు సడలుతుంది, ప్లేట్లు విడిపోతాయి. ఆ రాపిడిని ఓర్చుకోవడానికి వెనకటి రోజుల్లో ప్లేట్లలో కార్క్ ముక్కలు బిగించేవాళ్ళు. సీసా బిరడాలు చేసే ఆ చెట్టు బెరడే. ఇప్పుడు పదార్థం మారిపోయింది. అయినా పాత మెకానిక్కులు వాటిని కార్క్ ప్లేట్లనే అంటారు.

మరి ఈ పనిలోకి మేం ఎట్లా వచ్చాం? మోటార్లు మా రక్తంలో ఉన్నాయని మెచ్చుకోలుగా అనేవాళ్ళున్నారు. మాకది మెచ్చుకోలుగా వినబడదు. రక్తంలో పానాలుండవు. ఆరో నిజాం కాలంలో ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ కారును ఇప్పటికీ చౌమహల్లా పాలెస్‌లో చూడొచ్చు. ఆ కారు నిజాంది. దాన్ని తుడిచిన గుడ్డ మాది. నిజాం పోయాక కారుకు మ్యూజియం దొరికింది. గుడ్డ పట్టిన చేతికి ఏం దొరికిందో వెతకాలి.

1932లో నిజాం రాష్ట్ర రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 27 బస్సులతో మొదలైన శాఖ అది. బస్సులుంటే వర్క్‌షాపులుంటాయి. వర్క్‌షాపులుంటే ఫిట్టర్లు, హెల్పర్లు కావాలి. ఆ పని నేర్చుకున్నవాళ్ళలో అన్ని మతాల పేదవాళ్ళూ ఉన్నారు, మావాళ్ళూ ఉన్నారు. 1948 సెప్టెంబర్ వచ్చింది. రజాకార్లు ఊళ్ళమీద చేసిన ఘోరాల్ని మేం దాచం. వాళ్ళ చేతుల్లో చచ్చిన రైతులకూ, కూలీలకూ మేం వారసులమే. కాని పోలీసు చర్య తర్వాత పల్లెల్లో, పట్నాల్లో ఆ పాపాన్ని మోసింది రజాకార్లు ఒక్కరే కాదు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. నిజాం సైన్యంలో, పోలీసులో, కచ్చేరీల్లో చిన్నాచితకా నౌకర్లు చేసుకునే వేలమంది ఇంటికొచ్చి కూర్చున్నారు. 1949లో జాగీర్దారీ రద్దయింది. అది రద్దు కావలసిందే. కాని జాగీర్దారు దేవిడీలో వంటవాడు, కోచ్‌మాన్, దర్జీ కూడా ఆ దెబ్బకు వీధినపడ్డారు. ఉర్దూ మాత్రమే చదివినవాడికి కొత్త కచ్చేరీలో కుర్చీ లేదు. రిక్షా ఉంది. పాన్ డబ్బా ఉంది. గ్యారేజీ ఉంది.

ఇది తెలంగాణ కథ. అన్ని ప్రాంతాలదీ ఇదే కథ అంటే అబద్ధమవుతుంది. సర్కారు జిల్లాల్లో, రాయలసీమలో మావాళ్ళు నిజాం పాలనలో లేరు, మద్రాసు రాష్ట్రంలో ఉన్నారు. అక్కడి దూదేకుల, నూర్‌బాషా ఇళ్ళల్లో ఉర్దూ కూడా లేదు. తెలుగులో మాట్లాడి, తెలుగులో ఏడ్చి, తెలుగులో దువా చేసినవాళ్ళు. వాళ్ళ బతుకు ఏకు విల్లు మీద నడిచేది. భుజాన విల్లు వేసుకుని ఊరూరూ తిరిగి పరుపులూ దిండ్లూ ఏకేవాళ్ళు. ఏకే మిషన్లు వచ్చాయి. ఆ తర్వాత ఫోమ్ పరుపులు వచ్చాయి. విల్లు గోడకెక్కింది. ఆ విల్లు మీటిన చేతుల్లో కొన్ని సైకిల్ షాపుల్లోకి, కొన్ని లారీ షెడ్లలోకి వచ్చాయి. దారులు వేరు. వచ్చి చేరిన చోటు ఒకటే.

బళ్ళు కూడా ఆ కాలానికే పెరుగుతూ వచ్చాయి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ పుట్టింది. 1960ల మొదట్లో మైసూరు నుంచి జావా, ఎస్కార్ట్స్ వాళ్ళ రాజ్‌దూత్ వచ్చాయి. అప్పటికి మోటారు సైకిలంటే ఊరికి ఒకటో రెండో. 1984, 85, 86 సంవత్సరాల్లో జపాన్ కంపెనీల పొత్తుతో నూరు సీసీల బళ్ళు వరసగా దిగాయి. ఇండ్-సుజుకి, హీరో హోండా సీడీ హండ్రెడ్, యమహా ఆర్ఎక్స్ హండ్రెడ్, కవాసకి బజాజ్. పంతుళ్ళు, గుమాస్తాలు, పాలవాళ్ళు బండెక్కారు. ఆ బళ్ళు అరిగేది ఎక్కడ? వీధుల్లో. బాగుచేసేది ఎవరు? సర్టిఫికెట్ లేని ఉస్తాదులు. ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరినవాడు మొదటి ఏడాది చాయ్ తేవాలి, నట్లు కిరసనాయిల్లో కడగాలి. రెండో ఏడాది పంక్చర్. మూడో ఏడాదికి గాని ఇంజన్ ముట్టనిచ్చేవాళ్ళు కాదు. పానా, పేచ్‌కస్, గరారీ లాంటి మాటలు అట్లా షెడ్డు నుంచే తెలుగు వీధుల్లోకి వచ్చాయి. ఇప్పుడు హిందూ మెకానిక్కు కూడా అవే మాటలంటాడు. పని నేర్చినచోట భాష పంచుకోవడానికి ఎవరూ కాగితం అడగలేదు.

ఆ కర్ఫ్యూ రోజు మా వాకిట్లో అబ్బా బండిని మెయిన్ స్టాండ్ వేశాడు. ఇంజన్ కాసేపు నడిపి ఆపాడు. ఆయిలు వేడిగా ఉన్నప్పుడే కింద బోల్టు తీస్తే మురికితో సహా దిగుతుంది. ఆయిలు చిల్లుపడని పాత బేసిన్‌లోకి దిగింది. కుడివైపు కిక్ రాడ్ తీశాడు. అడ్డం వచ్చిన ఫుట్‌రెస్ట్ కడ్డీ దించాడు. కేబుల్ కొస విడదీశాడు. సైడ్ కవర్ బోల్టులు అన్నీ ఒకే పొడుగు ఉండవు. ఒకదాని చోట ఇంకోటి బిగిస్తే కవర్ పగులుతుంది. అందుకని ఒక అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టును ఆ చోటే గుచ్చమని మా చేతికిచ్చాడు. మాకు తెలిసిన మొదటి మ్యాప్ అదే. కవర్ అంటుకుపోయి ఉంటే పేచ్‌కస్ దూర్చి ఎత్తకూడదు. చెక్క సుత్తితో చుట్టూ మెల్లగా తట్టాలి.

లోపల క్లచ్ కనబడింది. స్ప్రింగుల బోల్టులు ఒకటే పూర్తిగా తీసెయ్యకూడదు. ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెం వదులు చేస్తూ పోవాలి. కొన్ని బళ్ళ క్లచ్ మధ్యలో నాలుగు గాట్లున్న గుండ్రటి నట్టు ఉంటుంది. దానికి కంపెనీ ప్రత్యేకమైన పానా చేస్తుంది. మా అబ్బా దగ్గర అది లేదు. పాత బాక్స్ పానా కొసను ఆకురాయితో రోజుల తరబడి అరగదీసి నాలుగు పళ్ళు చేసుకున్నాడు. కంపెనీ పానా ఎట్లా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు. నట్టు ఎట్లా ఉందో చూశాడు. అది చాలు.

ప్లేట్లు వచ్చిన వరసలోనే పాత ఉర్దూ పేపరు మీద పరిచాడు. పుత్లీబౌలీ నుంచి ముందురోజే తెచ్చిన కొత్త ప్లేటు పక్కన పాతది పెడితే అరుగుదల గోటికి తెలిసింది. కొత్త ప్లేట్లను పొడిగా బిగిస్తే కాలిపోతాయి. ముందు ఇంజన్ ఆయిల్లో నానాలి. అమ్మీ రొట్టెల పిండి పిసికే పరాత్ ఇచ్చింది. అది తర్వాత మూడుసార్లు తోమినా అమ్మీ మనసుకు సరిపోలేదనుకోండి. స్టీలు ప్లేట్లను ఆపా కిరసనాయిల్లో కడిగింది. ఒక్కోదాన్నీ అద్దం మీద పడుకోబెట్టి, ఎక్కడైనా కింద వెలుతురు కనబడుతుందేమో చూసింది. వంకరపోయినదీ, కాలి నీలిరంగు తిరిగినదీ పక్కన పెట్టాలి. అబ్బా కంటికి ఆనని ఒక వంకర ప్లేటును పట్టింది ఆపానే. పాత గాస్కెట్ చిరిగింది. కర్ఫ్యూలో కొత్తది ఎక్కడ దొరుకుతుంది? మందపాటి కాగితాన్ని కవర్ అంచుమీద పరిచి, సుత్తితో అంచు వెంబడే చిన్నచిన్నగా కొట్టి, అదే కొలతకు గాస్కెట్ కోశారు. స్ప్రింగుల్ని నిలబెట్టి కొత్తవాటితో ఎత్తు పోల్చారు. క్లచ్ డబ్బా గాళ్ళలో ప్లేట్ల చెవులు కొట్టుకుని పడ్డ గాట్లను చూశారు. గాట్లు లోతైతే ప్లేట్లు కొత్తవైనా చక్కగా కదలవు. ఒక ప్లేటు తర్వాత ఒక ప్లేటు పేర్చి, బోల్టుల్ని ఎదురెదురుగా బిగించి, కవర్ మూసి, కొత్త ఆయిలు పోసి, కేబుల్ వదులు సరిచేశాడు. కారు ఆయిలు కొన్ని రకాలు ఇందులో పొయ్యకూడదు. ఇంజన్ మెత్తగా నడవడానికి కలిపే మందులు ఈ ప్లేట్లను జారేట్టు చేస్తాయి. ఇప్పుడైతే డబ్బా మీద జాసో ఎంఏ అన్న గుర్తు చూసి కొనొచ్చు. అప్పట్లో అబ్బాకు తెలిసిన గుర్తు అనుభవమే.

కర్ఫ్యూ సడలించిన రోజు సారు వచ్చాడు. భయపడుతూనే వచ్చాడు. బండి చూసుకుని, "నీ షాపు ఎట్లా ఉంది భాయ్?" అని అడిగాడు. "ఇంకా చూడలేదు సార్" అన్నాడు అబ్బా. సారు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు అబద్ధం కాదు. మూడేళ్ళ తర్వాత మేం గల్లీ వదిలి ఇంకోచోట అద్దెకు ఇల్లు వెతుకుతుంటే, తన పక్కింట్లో వాటా ఖాళీగా ఉందని ఆ సారే తీసుకుపోయాడు. ఇంటాయన పేరు అడిగాడు. పేరు విన్నాక మాంసం వండుతారా అని అడిగాడు. ఆ తర్వాత వాటా ఎవరికో మాట ఇచ్చానన్నాడు. సారు తలొంచుకుని నిలబడ్డాడు. ఆ ఇంటాయన బండి మా షాపులోనే సర్వీసింగ్ అవుతుండేది. తాళంచెవి మా చేతికిచ్చి నెమ్మదిగా పోయేవాడు. బ్రేకు మేం బిగిస్తే దానిమీద పెళ్ళాం బిడ్డల్ని ఎక్కించుకునేవాడు. బండి తాళం ఇవ్వడానికి అడ్డురాని పేరు ఇంటి తాళం దగ్గర అడ్డొచ్చింది. మా చేతుల్ని నమ్మి మమ్మల్ని నమ్మకపోవడం ఎట్లా సాధ్యమో మాకు ఈరోజుకీ అర్థం కాలేదు.

2006లో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ సంగతినే అంకెల్లో చెప్పింది. పనిచేసే ముస్లింలలో సుమారు 61 శాతం స్వయం ఉపాధి మీదే బతుకుతున్నారు. హిందువుల్లో అది 55 శాతం. స్వయం ఉపాధి అనే మాట కాగితం మీద ఎంత గౌరవంగా ఉందో! దానికి నెల జీతం లేదు, సెలవు లేదు, పింఛను లేదు. కర్ఫ్యూ పెడితే పొయ్యి వెలగదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లిం వెనుకబడిన కులాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. దూదేకులవాళ్ళు అంతకు చాలా ముందునుంచే బీసీ-బీలో ఉన్నారు. బీసీ-ఈ జాబితా చదివితే మా అసలు చరిత్ర కనబడుతుంది. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ధోబీలు, ఫకీర్లు, హజాంలు, ఖురేషీలు, తురక కాశలు. కోటలు కట్టించినవాడు ఒక్కడూ అందులో లేడు. మెకానిక్కు కూడా లేడు. ఆ పని కులం నుంచి రాలేదు. పాత పని చచ్చిపోయి, కొత్త ఉద్యోగం దొరకని చోట పుట్టింది.

ఇదంతా చెప్పి మా తప్పులు చెప్పకపోతే న్యాయం కాదు. ఉస్తాద్-షాగిర్ద్ వరసను మేం బాగా పొగుడుకుంటాం. ఆ వరసలో బడి మానేసిన పదేళ్ళ పిల్లలున్నారు. పానా జారితే నెత్తిన పడ్డ దెబ్బలున్నాయి. చదువుకున్నా నౌకరీ ఎవడిస్తాడన్న నిరాశతో మా పిల్లల చేతికి పలక బదులు పానా ఇచ్చింది మేమే. బ్రేకు లైనింగుల్లో, క్లచ్ లైనింగుల్లో రాతినార వాడిన కాలంలో ఆ దుమ్మును నోటితో ఊదినవాళ్ళున్నారు. అది ఊపిరితిత్తులకు చేటని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. వంకర ప్లేటు పట్టిన ఆపా? కర్ఫ్యూ ఎత్తేశాక షాపులోకి ఆమెకు చోటు లేదు. ఆమెకు వచ్చిన పని ఆమె పనిగా లెక్కకు రాలేదు. బయటివాడు మా పేరు చూసి తలుపు మూస్తే కోపం తెచ్చుకున్న మేం, లోపల ఆపాకు మూసిన తలుపును చాలా ఏళ్ళు చూడలేదు.

ఇప్పుడు మళ్ళీ ఒక మలుపు వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చి, కొత్త బళ్ళలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. జబ్బు కనిపెట్టాలంటే చెవి చాలదు, స్కానర్ కావాలి. గేర్లు లేని స్కూటర్లలో చేత్తో నొక్కే క్లచ్ ఎప్పుడో పోయింది. మామూలు ఎలక్ట్రిక్ స్కూటర్‌కు అసలు క్లచ్చే లేదు. ఆగి ఉన్నప్పుడు దాని మోటారు తిరగదు కాబట్టి విడదీయడానికి లంకె అక్కర్లేదు. నూరు సీసీల బళ్ళు రోడ్డుమీద ఇంకా ఉన్నాయి గనక ఇవాళ్టికి పని ఉంది. మా మనవల నాటికి క్లచ్ ప్లేటు కూడా ఏకు విల్లులాగే గోడకెక్కొచ్చు.

విల్లు గోడకెక్కినప్పుడు దూదేకులవాడిని ఎవరూ అడగలేదు, నీకు ఇంకేం నేర్పమంటావని. ఆయన కొడుకు తనంతట తాను వెతుక్కుంటూ గ్యారేజీకి వచ్చాడు. ఈసారి అట్లా జరగకూడదు. పాతికేళ్ళు ఇంజన్లు విప్పినవాడి పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఐటీఐలో బ్యాటరీ, మోటారు పని నేర్చుకునే చోట మా పిల్లలకు, మా ఆడపిల్లలకు సీటు ఉండాలి. పదేళ్ళవాడు షెడ్డులో కాదు, బడిలో ఉండాలి. ఇవి దయగా అడుగుతున్నవి కావు. ఈ రాష్ట్రాల్లో పంతులు బడికి, పాలవాడు పల్లెకు, రోగి ఆస్పత్రికి సమయానికి చేరడంలో మా చేతుల పని ఉంది.

అబ్బా చేసిన నాలుగు పళ్ళ పానా మా ఇంట్లో ఇంకా ఉంది. ఆపా దగ్గర ఉంది. మా ఇళ్ళల్లో ఏ బండి క్లచ్ జారినా ఇప్పటికీ ఆమెకే కబురు పెడతాం. ఆమె ముందు కేబుల్ చూస్తుంది.